పెద్దమ్మ క్లబ్బు పాట

మా పెద్దమ్మ పోయింది. ఆ సంగతి నాకు బస్సులో తెలిసింది. శనివారం ఒంటిపూట బడి ముగించుకుని ఆత్మకూరులో బస్సెక్కి ఆమె దగ్గరికే ఉదయగిరి పోతున్నాను. వింజమూరు స్టాండులో డ్రైవరు టీ తాగడానికి దిగినప్పుడు ఫోన్ మోగింది. పెద్దమ్మ పక్కింటి బూబమ్మ నంబరు. కొన్ని నెలలుగా ఆ నంబరు కనిపించినప్పుడల్లా చేతిలో పని అక్కడే వదిలేసేదాన్ని. భయపడుతూ ఎత్తితే, "వస్తా వస్తా కొత్తిమీర తీసుకరామ్మా, ఈడ దొరకలా" అనేది ఆమె. ఈసారి ముందు నా పేరు పిలిచింది. "పెద్దమ్మ పోయిందమ్మా. ఇప్పుడే చూసినాను. నిదానంగా రా, కంగారు పడబాక" అంది.

నేను ఏడవలేదు. పక్క సీటులో మిరపనారు కట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నామె నా ముఖం చూసి, "ఇంటికాడ అంతా బాగేనా అమ్మా" అని అడిగింది. "బాగేనమ్మా" అన్నాను. ఎందుకట్లా అన్నానో నాకే తెలియదు. బస్సు కదిలింది. దుఃఖం కంటే ముందు భయం వచ్చింది నాకు. చిన్నప్పటి నుంచి పిరికిదాన్ని. ఏ భయం నిజమైనదో, ఏది ఉత్తదో తేల్చి చెప్పే మనిషి ఈ లోకంలో నాకు ఆమె ఒక్కతే ఉండేది.

ఆమె మా అమ్మకు అక్క. ఆత్మకూరులో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఊరంతా సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ మొదటి ఏడుపు ఆమె చేతుల్లోనే ఏడ్చి ఉండవచ్చు. పెళ్ళయిన కొన్నాళ్ళకే పెదనాన్న పోయాడట, పిల్లలు లేరు. ఎవరైనా జాలిపడబోతే, "వార్డు నిండా ఉండారు, అరస్తా ఉండారు. నీకేమన్నా కావాల్నా ఒకరు?" అనేది. మాది బాప్టిస్టు కుటుంబం. ఆదివారం చర్చిలో పాటలవాళ్ళ ముందు వరసలో నిలబడేది ఆమె. గంజి పెట్టిన తెల్ల చీర, కొప్పు చుట్టూ నల్ల పిన్నులు, మోచేతి దాకా జాకెట్టు. ఆ మనిషికి హిందీ సినిమాల్లో క్లబ్బు పాటల పిచ్చి ఉందంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

పిచ్చి అంటే చిన్న మాట. నా చిన్నప్పుడు ఆత్మకూరులో ఒక హాల్లో పాత హిందీ సినిమాలు మార్నింగ్ షోగా ఆడేవి. డ్యూటీ లేని రోజు అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని పోయేది పెద్దమ్మ. హీరో వచ్చి పోట్లాడుతున్నా, హీరోయిన్ తోటలో పరిగెడుతున్నా ఆమెకు పట్టేది కాదు. సంచిలోంచి వేరుశనగ కాయలు తీసి ఒలిచి నాకు పెడుతూ ఉండేది. క్లబ్బు వచ్చేసరికి మాత్రం సంచి మూతి బిగించి, పమిట సర్దుకుని, నిటారుగా కూర్చునేది. చర్చిలో వాక్యం చదివేటప్పుడు కూడా అంత శ్రద్ధగా కూర్చోవడం నేను చూడలేదు.

ముందు దీపాలు తగ్గుతాయి. వెనక ట్రంపెట్ ఒకటి గొంతు సవరించుకుంటుంది. మనిషి కనబడకముందు ఒక చెయ్యి కనబడుతుంది, మోచేతి పైదాకా నల్ల గ్లౌజు. తర్వాత మెట్ల మీద మడమ ఎత్తు చెప్పులు, తర్వాత తళతళలాడే గౌను, అన్నిటికన్నా చివర ముఖం. పాట మొదలయ్యే ముందు ఊపిరి వినిపిస్తుంది. ఒకడి టై సర్దుతుంది, ఒకడి చేతిలో గ్లాసు తీసి ఇంకొకడి ముందు పెడుతుంది, ఎవరి దగ్గరా నిలవదు. అందరూ ఆమెనే చూస్తుంటారు, ఆమె చూపు మాత్రం వాళ్ళ తలల మీదుగా తలుపు దగ్గరికి పోతుంది. నాకు హిందీ రాదు. అమ్మకూ రాదు. పెద్దమ్మ ఉదయగిరిలో పెరిగేటప్పుడు పక్కిళ్ళలో ఉర్దూ విని పట్టుకుంది కాబట్టి సగం సగం తెలుసు. మాటలు తెలియకపోయినా ఆ గొంతుకు నా చేతుల మీద రోమాలు లేచేవి. హీరోయిన్ పాట ఎవరు విన్నా వినకపోయినా తోటలో సాగిపోతుంది. ఈమె అలా కాదు, పాట ఆపితే గదిలో ఏదో జరిగిపోతుంది అన్నట్టు పాడేది.

పాట అయిపోగానే పెద్దమ్మ లేచేది.

"లెయ్యండి, పోదాం."

"ఇంకా సగం సినిమా ఉండాది గదక్కా" అనేది అమ్మ, ప్రతిసారీ.

"పాట అయిపోయింది. ఇంక ఆ పిల్లను చంపతారు. అది చూసేదానికి టికెట్టు కొనుక్కుని రావాల్నా? ఆస్పత్రిలో ఊరికే చూపిస్తారు నాకు."

ఆమె అన్నది నిజం. ఆ సినిమాల్లో అదొక రివాజు. క్లబ్బులో పాడే ఆడది చివర్లో హీరోకి తగలాల్సిన తుపాకి గుండుకు తాను అడ్డం పడుతుంది. హీరో హీరోయిన్‌తో కారెక్కి పోతాడు. అందుకని మేము ఏ హిందీ సినిమా చివరిదాకా చూడలేదు. గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన మమ్మల్ని చూసి, "ఏం సిస్టరమ్మా, పాటయిందా?" అని నవ్వి తలుపు తీసేవాడు.

బయట ఎండ కొట్టేది. కళ్ళు చికిలించుకుంటూ వాళ్ళిద్దరి వెనకాల నడుస్తుంటే నాకు ఒకటే ధ్యాస, ఇప్పుడు ఈ గోడ అవతల ఆమెను చంపుతున్నారు అని. పాట ఎంత బాగుంటే అంత భయం వేసేది. ఆ భయం నన్ను వదల్లేదు. ఇప్పటికీ ఇంట్లో అందరం చేరి నవ్వుకుంటున్నప్పుడు నా కళ్ళు నాకు తెలియకుండానే తలుపు వైపు పోతాయి. మా ఆయన "ఎవరొస్తున్నారు?" అని వెక్కిరిస్తాడు.

వాటిలో ఒక సినిమా పెద్దమ్మకు ప్రాణం. అందులో హీరో క్లబ్బుకు వస్తాడు. తెర వెనక వాణ్ణి చంపడానికి మనుషులు కాచుకుని ఉంటారు. పాడే ఆమెకు ఆ సంగతి తెలుసు. హీరో బల్ల చుట్టూ తిరుగుతూ, నవ్వుతూ, ఆ పాటలోనే వాడికి చెబుతుంది, లేచి పో అని. ఆ సినిమా చూసి వచ్చిన రోజు పెద్దమ్మ పెరట్లో చీరకు గంజి పెడుతుంటే అడిగాను.

"నేరుగా చెప్పొచ్చు గదా పెద్దమ్మా, పాడటం ఎందుకు?"

"నేరుగా చెప్తే ఇద్దర్నీ కాలస్తారు. పాటలో చెప్తే వినాల్సినోడికి వినపడతాది. మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు."

"ఆమెకి భయం వెయ్యదా?"

"ఎందుకు వెయ్యదు? ఈసారి చేతులు చూడు. ముఖం నవ్వతా ఉంటాది గానీ చేతులు ఒకకాడ నిలబడవు."

ఆ పాటను ఆమె వార్డులోకి తీసుకుపోయింది. ఇది చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను. వాళ్ళ ఆస్పత్రిలో ఆడవాళ్ళ వార్డు ఒక పొడుగాటి హాలు. మంచం పక్కన మంచం, మంచాల మధ్య నేల మీద చాపలేసుకుని వెంట వచ్చినవాళ్ళు. ఒక మంచం దగ్గర ఎవరన్నా పెద్దగా "డాక్టర్ని పిలవండి" అన్నారంటే వార్డంతా లేచి నిలబడేది. ఒకరు ఏడిస్తే ఆ చివరిదాకా ఏడ్చేవాళ్ళు. ఆయాసంతో ఉన్నవాళ్ళకు ఆయాసం పెరిగేది. పెద్దమ్మ కేకలు మానేసింది. రోగి పరిస్థితి చెయ్యి దాటుతోందని అనిపిస్తే ఆ మంచం దగ్గరే నిలబడి, మణికట్టు పట్టుకుని, ఆ క్లబ్బు పాటలో ఒక ముక్క కూనిరాగం తీసేది. పైకి ఎక్కి, ఒకచోట తొట్రుపడినట్టు ఆగి, మళ్ళీ కిందికి దిగే ముక్క.

అది వినాల్సిన మనిషి వార్డు ఆయమ్మ. పొట్టి మనిషి, ఎప్పుడూ దవడన ఆకువక్క. రాగం చెవిన పడితే చేతిలో చీపురున్నా గిన్నె ఉన్నా అక్కడే కింద పెట్టేసి, చప్పుడు లేకుండా డాక్టరు గది దగ్గరికి పరిగెత్తేది. వెనక్కి వచ్చేటప్పుడు ఆమె చేతిలో మందుల ట్రే ఉండేది. ఆ తర్వాత డాక్టరు ఏమీ తొందర లేనట్టు నడిచి వచ్చేవాడు. వార్డులో ఒక్కరికీ ఏమీ తెలిసేది కాదు.

బడి అయ్యాక నేను నర్సుల గదిలో కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. ఒకరోజు కొండాపురం వైపు నుంచి ఒకాయన కూతుర్ని ఎత్తుకుని వచ్చాడు. నా ఈడు పిల్ల. చేలో మిరపకాయలు కోస్తుంటే పాము కరిచింది. వచ్చినప్పుడు మాట్లాడుతూనే ఉంది, కాసేపటికి రెప్పలు వాలిపోసాగాయి. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. పెద్దమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రాగం మొదలుపెట్టింది.

పిల్ల తండ్రి ముఖం వెలిగింది. "పాట పాడతన్నావేందమ్మా? గండం గడిచినట్టేనా?"

"కూర్చో నాయనా. నీళ్ళు తాగు. పిల్లకి ఏం పేరు పెట్టినావు?"

ఆయన పేరు చెబుతున్నాడు, ఎవరి పేరు పెట్టిందీ చెబుతున్నాడు. ఆయమ్మ అప్పటికే వార్డులో లేదు. ఆ హాలు మొత్తంలో ఆ పాటకు అర్థం తెలిసి వణుకుతున్నది నేను ఒక్కదాన్నే. ఆ పిల్ల బతికింది. మర్నాడు ఆయన తువ్వాల నిండా పచ్చిమిరపకాయలు తెచ్చి, "ఈ అమ్మ పాటకే విషం దిగిపోయింది" అని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నాకు మాత్రం, ముందురోజు డాక్టరు వచ్చాక పెద్దమ్మ వెనక గదిలో కొళాయి కింద చేతులు పెట్టుకుని చాలాసేపు కడుక్కోవడమే గుర్తుండిపోయింది. కొళాయి కట్టేశాక కూడా వేళ్ళు అదురుతూనే ఉన్నాయి.

అందరూ బతకలేదు. పాట అయ్యాక గుడ్డ కప్పిన మంచాలు కూడా నేను చూశాను. అందుకే మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. ఎంత సంతోషంగా ఉన్నా ఆ ముక్క మాత్రం ఎవరూ తీయకూడదు. పెద్దమ్మే పెట్టిన కట్టడి అది.

దాన్ని ఆమే ఒక్కసారి తప్పింది, అదీ చర్చిలో. అందరూ తలలు వంచుకుని మౌనంగా ప్రార్థన చేస్తుంటే ఆమె గొంతులోంచి ఆ రాగం వచ్చేసింది. ఆడవాళ్ళ వైపు చాప మీద ఉన్న ఆయమ్మ దిగ్గున లేచి, అందర్నీ దాటుకుని, తలుపు తోసుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆస్పత్రి దారి సగం పోయాక గానీ తానెక్కడుందో తెలియలేదట. తిరిగొచ్చాక పాస్టరు గారు "ఏమైందమ్మా?" అని అడిగితే, "పాట వచ్చింది నాయనా" అంది. ఆత్మ కదిలించిందేమో అనుకుని ఒకరిద్దరు ఆమెన్ అన్నారు. ఇంటికొచ్చి అమ్మా పెద్దమ్మా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ ప్రార్థనలో ఎవరి కోసం అడుగుతూ అంత భయపడ్డావని నేను అడగలేకపోయాను.

రిటైరయ్యాక పెద్దమ్మ ఉదయగిరిలో కొండ కింద పుట్టింటికి చేరింది. అప్పటికి అమ్మ కూడా లేదు. పక్కింట్లో బూబమ్మ కుటుంబం చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తుంది. బూబమ్మ వాకిట్లో కూర్చుని గరుకు కాగితంతో వాటిని నున్నగా రుద్దుతుంటే, పెద్దమ్మ లోపలి టీవీని వాకిలి వైపు తిప్పుకుని, అరుగు మీద కూర్చుని పాత పాటలు చూసేది. "ఆ హిందీ మాటకు అర్థం అది గాదు సిస్టరమ్మా" అని బూబమ్మ దిద్దేది. ఇద్దరికీ కీచులాట. సినిమా వస్తే క్లబ్బు పాట దాకా చూసి టీవీ కట్టేసేది. చివర ఏమయిందని బూబమ్మ అడిగితే, "నాకేం తెలుసు, నేను ఇంటికొచ్చేసినా గదా" అనేది.

కిందటేడు కడుపులో నొప్పి అంది. నెల్లూరుకు తీసుకుపోయాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "పెద్దామె. ఆపరేషన్‌తో లాభం లేదు. ఇంటికి తీసుకెళ్ళి నొప్పి తెలియకుండా చూసుకోండి" అన్నాడు. లోపలికి వెళ్ళి, "అల్సరంట పెద్దమ్మా, మందులు వాడితే చాలంట" అన్నాను.

"ఓహో. అల్సరా" అంది.

జీవితమంతా ఆస్పత్రిలో గడిపిన మనిషికి అల్సరని చెప్పిన నా ధైర్యం చూడండి. ధైర్యం కాదు, నిజం చెప్పాలంటే భయం. నిజం చెబితే ఆమె ముఖం ఎట్లా మారుతుందో చూడలేను. అప్పటి నుంచి సెలవు దొరికినప్పుడల్లా ఉదయగిరి పోయేదాన్ని. వాకిట్లో చెప్పులు విడిచేటప్పుడే ముఖానికి నవ్వు తగిలించుకునేదాన్ని. అది నాకు రాని విద్య. బడి కబుర్లు చెబుతూ ఆమె కళ్ళలోకి చూడకుండా దుప్పటి మడతలు సరిచేసేదాన్ని. ఇంత చిన్న పని, నవ్వుతూ నిలబడటం, ఆమె అన్నేళ్ళు అన్ని మంచాల దగ్గర ఎట్లా చేసిందో అప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొచ్చిన ప్రతిసారీ "ఏం కాదులే" అని నవ్వినప్పుడు ఆమె ఎంత భయపడి ఉంటుందో. ఆ నవ్వు నీడన నేను నిశ్చింతగా పెరిగాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఆమెకు రాగిజావ కాస్తున్నాను. ఆ పొద్దున ఆమెను లేపి కూర్చోబెట్టినప్పుడు నా చేతికి ఎముకలు తగిలాయి. అదే తలుచుకుంటూ గరిటె తిప్పుతున్నాను. నడవలోంచి పిలిచింది.

"ఏమ్మే."

"ఏంది పెద్దమ్మా?"

"ఎవరికి?"

"ఎవరికంటే?"

"పాట. ఎవరికి పాడతన్నావు?"

అప్పుడు తెలిసింది నాకు, నేను ఆ రాగం తీస్తున్నానని. గరిటె చేతిలోనే ఉండిపోయింది.

"వార్డులో నేనొక్కదాన్నే గదా ఉండేది" అంది పెద్దమ్మ.

పొయ్యి కట్టేసి వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఆమే నా చెయ్యి పట్టుకుంది.

"అల్సరన్నావు."

"అవును."

"అల్సరుకి ఇంత దూరం వారం వారం వస్తారా ఎవరన్నా? నాకు ఆ రోజే తెలుసులే. నీ ముఖం చూసి, దీన్ని ఎందుకు ఇంకా బెదరగొట్టేది అని ఊరుకున్నా." ఆ వెంటనే, "రాగం బాగనే పట్టినావు. పైకి ఎక్కేకాడ తొందర పడతన్నావు" అంది.

నేను ఏడ్చాను. ఆమె ఏడవనిచ్చింది. తర్వాత, "ఆ సినిమా దొరకతాదా నీ ఫోన్లో?" అంది.

"పాట పెట్టనా?"

"సినిమా పెట్టు. ఈసారి చివరిదాకా చూడాల."

"వద్దు పెద్దమ్మా. ఆమె చచ్చిపోతుంది."

"తెలుసు. ఎట్టా పోతాదో చూస్తా. ఇన్నేళ్ళు లేచి ఇంటికి పోయినా. ఇప్పుడు లేవాలన్నా లేవలేను గదా."

నీళ్ళ చెంబుకు ఆనించి ఫోన్ పెట్టాను. క్లబ్బు పాట వచ్చేసరికి తలగడ ఎత్తు పెట్టమంది. నల్ల గ్లౌజు చెయ్యి కనబడగానే ఆమె పెదవులు కదిలాయి. అంత నీరసంలోనూ కళ్ళు ఆ గౌను వెంటే తిరిగాయి. "ఎంత అందంగా ఉండాదో చూడు. అంతా తెలిసి కూడా ఎంత అందంగా ఉండాదో" అంది. పాట అయిపోయింది. నా వేలు ఫోన్ మీదికి పోయింది. "ఉండనీ" అంది.

మేమెప్పుడూ చూడని సినిమా మొదలైంది. చివరికి తుపాకి పేలింది, ఆమె అడ్డం వచ్చింది, హీరో ఒళ్ళో పడింది. పడి చాలాసేపు మాట్లాడింది. పెద్దమ్మ కళ్ళార్పకుండా చూసింది.

"గుండెకి తగిలితే అంతసేపు మాట్లాడలేదు" అంది. "భుజానికే తగిలుంటాది. పక్కన వైద్యం తెలిసినోళ్ళు ఒకరుంటే బతికేది."

నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ఆమె వేళ్ళు నా మణికట్టు మీద ఉన్నాయని అప్పుడు గమనించాను. ఊరికే పట్టుకోలేదు, నాడి చూస్తోంది.

"నీది బో పరిగెత్తతా ఉండాది. భయమా?"

"భయంగా ఉంది పెద్దమ్మా."

"నాక్కూడా. ఇద్దరం భయపడదాంలే." చెయ్యి వదల్లేదు. "నేను పాడితే వస్తావు గదా?"

"వస్తాను" అన్నాను.

సెలవు పెట్టి అక్కడే ఉంటానంటే ఒప్పుకోలేదు, పిల్లల పరీక్షలు చూసుకోమంది. పోనీ బూబమ్మకైనా ఆ రాగం సంగతి చెబుతానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. "ఆమెకి బీపీ. ఊరికే పాడుకున్నా ఉలిక్కిపడి పరిగెత్తుకొస్తాది. మనిషన్నాక నాకు పాడుకోవాలనిపించదా? ఆ దారి కూడా మూసేయబాక" అంది. అప్పటి నుంచి ఆత్మకూరులో క్లాసులో నిలబడి లెక్కలు చెబుతున్నా నా చెవులు ఉదయగిరిలోనే ఉండేవి. వినపడదని తెలిసీ వినేదాన్ని.

ఆ శనివారం నేను చేరేసరికి పెద్దమ్మను నడవలో పడుకోబెట్టి ఉన్నారు. ముఖం ప్రశాంతంగానే ఉంది. బూబమ్మ నా రెండు చేతులూ పట్టుకుని చెప్పింది.

"పొద్దున జావ తాగిందమ్మా. మధ్యాహ్నం నేను వాకిట్లో గరిటెలు రుద్దతా ఉండాను. లోపల్నించి పాట వినపడింది. ఈరోజు బాగుండాది, నువ్వు వస్తావని సంతోషంగా ఉండాది అనుకున్నా. బో హాయిగా పాడింది. పాట ఆగినాక, టీ తాగతావా సిస్టరమ్మా అని పోయి చూస్తే..." నా చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది. "నేను ముందే లోపలికి పోవాల్సిందా అమ్మా?"

పిలిచిందా? ఊరికే పాడుకుందా? పిలిచే ఉంటే ఎంతసేపు పిలిచింది? నా ముందు బూబమ్మ ముఖం, నేనేం చెబుతానా అని ఎదురుచూస్తోంది.

నవ్వాను. "లేదు బూబమ్మా. బాగుంటేనే పాడుతుంది ఆమె" అన్నాను.

బూబమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ ఆమే చెప్పింది, సిస్టరమ్మ పాడుకుంటా పోయిందని. వింజమూరు నుంచి వచ్చిన బంధువులు ఎంత అదృష్టమన్నారు. పాస్టరు గారు ప్రార్థనలో, పాడుతూ ప్రభువు దగ్గరికి వెళ్ళిన బిడ్డ అన్నారు. వింటున్న కొద్దీ అందరి ముఖాలూ తేలికపడ్డాయి. నేను గోడకానుకుని కూర్చుని, చేతులు కొంగులో పెట్టుకుని, అడిగిన వాళ్ళందరికీ అవునన్నాను.

పొద్దు వాలే వేళకు ఆత్మకూరు నుంచి ఆటోలో ఆయమ్మ వచ్చింది. ముసలిదైపోయింది, మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరు పట్టుకుని దించి లోపల చాప మీద కూర్చోబెట్టారు. పెద్దమ్మ పాదాలు ముట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. బూబమ్మ ఆమె పక్కన చేరి మెల్లగా చెప్పింది.

"బాధ పడబాకమ్మా. పాట పాడుకుంటానే పోయింది."

"ఏం పాట?" అంది ఆయమ్మ, తల ఎత్తకుండానే.

బూబమ్మ విన్న హిందీ పాటను ఇట్టే పట్టేస్తుంది. కళ్ళు తుడుచుకుని, చిన్నగా, ఆ ముక్క తీసి వినిపించింది. రాగం పైకి ఎక్కి, తొట్రుపడినట్టు ఆగి, కిందికి దిగింది.

ఆయమ్మ అరచెయ్యి నేల మీద బలంగా ఆనింది. ఒక మోకాలు పైకి లేచింది. పట్టుకోబోయిన ఆడవాళ్ళను తోసేసి, తలుపు వైపు చూస్తూ, లేవడానికి పెనుగులాడుతోంది. ఏమైంది ఏమైంది అంటూ అందరూ ఆమె చుట్టూ మూగారు.

నేను అప్పటికే లేచి నిలబడి ఉన్నాను.